గుమ్మం తొక్కితే మనదే

బుగత గారు పోయారు. ఆయన ఇంటి ముందే పందిరి వేసి సంతాప సభ పెట్టాలని ఊరి పెద్దలు నిశ్చయించి, తీర్మానం రాసిపెట్టమని నా కుట్టు దుకాణానికి వచ్చారు. గ్రంథాలయం బీరువాలు కింది అర నుంచి పై అర దాకా చదివినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే గనక శుభలేఖలూ సన్మానపత్రాలూ నా చేతే రాయిస్తారు. ఈ తీర్మానంలో ‘జీవకారుణ్యమూర్తి’ అనే మాట తప్పకుండా పడాలన్నారు. నేను కాగితం వాళ్ల చేతికే తిరిగి ఇచ్చి, గుండీలు కుట్టాల్సిన చొక్కాలు చాలా ఉన్నాయన్నాను. వాళ్లు బడి మాష్టారి దగ్గరికి వెళ్లి రాయించుకున్నారు. ఆ మాట పడింది. అక్షరదోషం లేకుండా పడింది, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

తీర్మానంలో నేను రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

మా శ్రీకాకుళం వైపు భూములున్న ఆసామిని బుగత అంటాం. మా ఊళ్లో బుగతలు ఇంకా ఉన్నారు గాని, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా బుగత అంటే ఆయనే. నా కుట్టుమిషను సరిగ్గా ఆయన గేటుకి ఎదురుగా ఉంటుంది. దర్జీవాడి కళ్లు బట్ట మీద ఉంటాయి గాని చెవులు వీధిలోనే ఉంటాయి. గుండీలు కుట్టేటప్పుడు కళ్లు కూడా కొంచెం తెరిపిన పడతాయి. అందువల్ల ఆయన్ని నేను చూసినంతగా ఆయన కొడుకులు కూడా చూసి ఉండరు.

ఆయన అరుగు మీద పడక కుర్చీలో వెనక్కి వాలి, ఒక కన్ను మూసుకుని ఉండేవారు. తెరిచి ఉన్న రెండో కన్ను గేటు మీద ఉండేది. ఏ మేకపిల్లో, ఏ బాతో, మెడలో తెగిన తాడుతో ఏ కుక్కో అటుగా వస్తే ఆయన కదిలేవారు కారు. ముందు కాళ్లు లోపల పడ్డా కదిలేవారు కారు. వెనక కాళ్లు కూడా గుమ్మం దాటాక అప్పుడు లేచి, జీవం నెత్తి మీద రెండు వేళ్లు ఆనించి, ఆ వేళ్లు ఉత్తరీయానికి తుడుచుకునేవారు.

“గుమ్మం తొక్కినాది. ఇంకేటి, మనదే!”

అక్కడితో దానికి కొత్త పేరు పడేది. మేకపోతు అయితే భీముడు, బాతుపెట్ట అయితే రుక్మిణి. పాలేరు వచ్చి దాన్ని పెరట్లోకి తోలుకుపోయేవాడు.

ఆయన జన్మలో ఒక్క జంతువునీ కొనలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు. “కొన్న జీవానికి ధర ఉంటాది. నడిసొచ్చిన జీవానికి ఋణం ఉంటాది. కిందటి జన్మలో నాకు బాకీ పడి ఉంటాది, తీర్సుకోడానికి వచ్చినాది. కాదని తోలేస్తే నాకు పాపం గాదేటి?” అనేవారు. పూర్వం రాజులు యాగాశ్వాన్ని వదిలేవారని, అది తిరిగిన నేలంతా తమదేననేవారని చదువుకున్నాం. వాళ్లకి గుర్రం వెనక సైన్యాన్ని నడిపించే శ్రమైనా ఉండేది. మా బుగత కుర్చీలోంచి లేవకుండా గేటు తెరిచి ఉంచారు, అంతే.

గేటు ఒక్కటే కాదు, తొట్టి కూడా ఉండేది. తవుడూ గంజీ కలిపిన కుడితి తొట్టి. ఎండకి అల్లాడే నోరులేని జీవాలు తాగిపోతాయని దాన్ని వీధిలో పెట్టించారు. ఆ పెట్టించిన రోజున ఊరంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. తర్వాత ఆ తొట్టి నడవడం మొదలుపెట్టింది. వీధి వారనుంచి గోడ పక్కకి వచ్చింది. గోడ పక్కనుంచి గేటు దగ్గరికి వచ్చింది. వానాకాలం వెళ్లేసరికి గేటు లోపలికి చేరింది. నేను చదివిన జంతుశాస్త్రంలో అడవిలో పులికి ఎర ఎలా కడతారో ఉంది గాని, కుడితి తొట్టితో ఊరి మేకల్ని ఎలా పడతారో లేదు. అది మా వీధిలోనే నేర్చుకున్నాను.

ఆయన తొట్టి లోపలికి రాకముందు మా ఊళ్లో తప్పిపోయిన జీవాలకి ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా దొరికితే నీళ్లు పెట్టి, మంగళవారం సంతకి తోలుకొచ్చి, సంత మొదట్లో ఉన్న గుంజకి కట్టేవారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆ గుంజ పక్కనుంచే సంతలోకి వెళ్లాలి. ఎవరిది వాళ్లు గుర్తుపట్టి, కట్టినవాడికి ఒక చుట్టో రెండు అరటిపళ్లో ఇచ్చి విప్పుకుపోయేవారు. పోగొట్టుకున్నవాళ్లు ముందు ఆ గుంజ చూసి, తర్వాత బందెలదొడ్డి చూసి, అక్కడా లేకపోతే డప్పు వేయించేవారు. అప్పటికీ దొరక్కపోతే తమలపాకు మీద అంజనం రాయించుకుని, అందులో దిక్కు చూడమని బతిమాలేవారు. ఈ చివరిదాన్ని నేను నమ్మను. అయినా అంజనం కూడా ఏదో ఒక దిక్కు చూపించి, వెళ్లి వెతుక్కోమనేది. బుగత గారి తొట్టి లోపలికి వచ్చాక గుంజ ఖాళీగా నిలబడింది. ఏది తప్పిపోయినా జనం తిన్నగా వచ్చి ఆయన గోడ మీంచి తొంగిచూసేవారు. కనబడేది. కనబడడం వరకే.

బస్సులు ఆగేచోట అప్పలస్వామి హోటలు ఉంది. అతనికొక చిలక ఉండేది. గల్లాపెట్టె దగ్గర అప్పలస్వామి “రెండిడ్లీ, ఒక టీ!” అని లోపలికి కేకేస్తే, చిలక కూడా అదే కేక అతని గొంతుతోనే వేసేది. పనిలో తలమునకలుగా ఉన్నప్పుడు చిలక కేకేస్తే అప్పలస్వామి అలవాటున “వస్తన్నాదీ!” అని బదులు చెప్పి తరవాత నాలిక కరుచుకునేవాడు. పాతపట్నం బస్సులో వచ్చినవాళ్లు దిగి టీ తాగేది ఆ తమాషా చూడ్డానికే. ఒకనాడు పంజరం తలుపు సరిగా పడక చిలక ఎగిరి, బుగత గారి అరుగు మీద వాలింది. నడిచి రాలేదు గదా, గుమ్మం తొక్కలేదు గదా అని మీరు అనుకోవచ్చు. అరుగు గుమ్మం కన్నా ఎత్తు, లెక్కకి ఎక్కువే అన్నారాయన.

దానికి శుకుడని పేరు పెట్టి, రామనామం నేర్పడానికి కూర్చున్నారు. “రామా అను. రామా.” చిలక తల వంచి విని, వీధి చివరిదాకా వినబడేలా “రెండిడ్లీ, ఒక టీ!” అంది. నా దుకాణంలో కొలతలిస్తున్న పెద్దమనిషి నవ్వు ఆపుకోలేక నా టేపు కొరికాడు.

అప్పలస్వామి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బాబూ, అది మా సిలక. మాట ఇనండి, మా కొట్టు మాటే గదా.”

“మా ఇంట్లో ఇడ్లీలు వండుకోరేటోయ్?”

“టీ కూడా అంటన్నాది బాబూ. తమరు టీ తాగరు గదా.”

“నాను తాగనని సిలక తాగకూడదేటి? ఆశ ఎవుడికైనా ఉంటాది.” ఆ మాట అనేసి, ఊరికే అడిగినట్టుగా, “నీ కొట్టు పైకప్పు కారతన్నాదని అన్నావు గదా, ఈ వానలకి బాగు సేయించమన్నావా?” అన్నారు. హోటలు ఉన్న ఇల్లు ఆయనదే. అప్పలస్వామి చిలక వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఈ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే అతను చుట్టు తిరిగి చెరువు గట్టున పోయేవాడు. చిలక కేక వినబడితే నోట్లోకి బదులు వచ్చేస్తుందని నాతో ఒకసారి అన్నాడు.

చిలక సంగతితో ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. నోళ్లు మూయించడానికి ఆయన ఒక న్యాయం కనిపెట్టారు. దాని పేరు పిలుపు పంచాయితీ. జీవాన్ని వీధి నడుమ వదలాలి. అటు పోగొట్టుకున్నవాడు, ఇటు గేటు లోపల కుర్చీలో ఆయన. ఇద్దరూ పిలవాలి. ఎవరి దగ్గరికి వెళితే వాళ్లది. వినడానికి ధర్మరాజ్యంలా ఉంటుంది. ఆ రోజు పొద్దుట ఆ జీవానికి దాణా పడదని పాలేరే నాతో చెప్పాడు. ఆయన చేతిలో ఇత్తడి గిన్నె ఉంటుంది, గిన్నెలో బెల్లం కలిపిన తవుడు ఉంటుంది, ఉంగరం వేలితో గిన్నె అంచు మీద టింగుమనిపిస్తారు. తపాలా బంట్రోతు పెంచుకున్న గొర్రెపిల్ల అలాగే పోయింది.

“నానూ గిన్నె అట్టుకొస్తాను బాబూ, అప్పుడు సూద్దాం” అన్నాడా బంట్రోతు ఏడుపు గొంతుతో.

“గిన్నెతో పిలవడమేటోయ్? ప్రేమతో పిలవాల!” అన్నారాయన, గిన్నె చేత్తో పట్టుకునే.

ఇక నూకాలు సంగతి. ఆయన పేరు చెప్పగానే నాకు కళ్లముందు నిలబడేది ఆ పంచాయితీయే.

నూకాలు సముద్రపు ఒడ్డు పల్లెనుంచి ప్రతి మంగళవారం ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకి వచ్చేది. తెల్లారకముందే బయల్దేరాలి. సరుగుడు తోటలు దాటాక తాటితోపు వస్తుంది. తోపులో కల్లుపాక ఉంటుంది, పాక దగ్గర రాత్రంతా తాగి పడి ఉన్న మగాళ్లు ఉంటారు. ఆమె వెనక, కాస్త ఎడంగా, ఒక గోధుమరంగు కుక్క నడిచేది. అది ఆమె మొగుడి కుక్క. మొగుడు తెప్ప మీద వెళ్లి తిరిగి రాలేదు. కుక్క ఉండిపోయింది. సంత అయ్యాక మధ్యాహ్నం ఆమె నా దుకాణం చూరు కింద కూర్చుని చద్దన్నం తినేది, కుక్కకీ పెట్టేది. ఒకసారి నేను “వారం వారం ఇంత దూరం కుక్కని తిప్పుతావేం?” అంటే, “నాను తిప్పడమేటి నాయినా, అదే నన్ను తిప్పతాది. అది ఉంటేనే తోపు దాటతాను” అంది.

ఒక సంతనాడు ఎడ్లు బెదిరి జనం చెల్లాచెదురయ్యారు. ఆ గందరగోళంలో కుక్క తొట్టి వాసన పట్టి గేటు లోపలికి వెళ్లింది. వెనక కాళ్లు కూడా దాటాయి. భైరవుడని పేరు పడింది. జనంతో పాటు చెదిరిపోయిన నూకాలు ఆ రోజు నా చూరు కిందికి రానేలేదు.

ఆ పై మంగళవారం నూకాలు రాలేదు. తరవాతి వారం ఎవరిదో బండి పట్టుకుని పొద్దెక్కాక వచ్చింది. అప్పటికి కొనేవాళ్లు వేరే గంపల దగ్గర కొనుక్కుని వెళ్లిపోయారు. తెచ్చిన చేపలు తెచ్చినట్టే పెట్టుకుని నా చూరు కింద కూర్చుంది. కుక్క ఏదని నేనడగలేదు. గోడ వైపు చూపించాను. ఆమె వెళ్లి గోడ మీంచి చూసి, గేటు దగ్గరికి వెళ్లి గంప దించింది.

“బుగతా, నా కుక్కని ఇప్పించండి. అది నేకపోతే నాకు సంత నేదు.”

“ఆ కంపు అల్లంత దూరంలో దీపస్తంభం కాడ దింపి రా. సేపల వాసనతో కుక్కని లాగుదామనేటి? ఇక్కడ నాయంగా జరగాల.”

పంచాయితీ అంటే జనం పోగయ్యారు. సంతనాడు కదా, పొరుగూళ్లవాళ్లు కూడా నిలబడ్డారు. పాలేరు కుక్క తాడు విప్పాడు. అది తిన్నగా నూకాలు దగ్గరికి వెళ్లి, పాదాలు వాసన చూసి, తోక ఆడించి, ఆమె పక్కనే నిలబడింది.

“ఎల్లినాది! ఎల్లినాది!” అని ఎవరో అన్నారు.

“ఇంకా పిలుపు అవలేదురా. ఆ కాళ్లకి సేప పొలుసుంటాది, నాకతన్నాది,” అన్నారు బుగత. “నువ్వు ముందు పిలు.”

నూకాలు పిలవలేదు.

“పిలవే!” అని జనం. “పేరెట్టి పిలవే!”

“పేరు నేదు,” అంది. “మాం పిలవం.”

ఆయన గిన్నె ఒళ్లో పెట్టుకుని నవ్వారు. “పేరు నేని కుక్క, పిలవని యజమాని. ఇదేటి సోద్యమే?”

“మా పేటలో అంతే బుగతా. మగోళ్లు తెప్ప ఎక్కడానికి ఎల్తంటే ఎనకనుంచి పిలవకూడదు. పెళ్లాం పిలవదు, పిల్లలు పిలవరు. ఒడ్డున నోటమ్మట పేరు రాకూడదని కుక్కలకి పేర్లే ఎట్టం. ఎవులు నడిస్తే ఆళ్ల ఎనకాల వస్తాయి.”

నాగలి పట్టే ఊరు మాది. ఎద్దులన్నిటికీ పేర్లే, పిలుపులే. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. కథ బాగా అల్లిందన్నారు. ఆయన గిన్నె అంచు మీద ఉంగరంతో కొట్టారు. సంతనాడు ఎవరో ఒకరు అడగడానికి వస్తారని పొద్దుటనుంచి తిండి పెట్టని కుక్క అటు వెళ్లింది. గిన్నెలో మూతి పెట్టింది. ఆయన రెండు వేళ్లు దాని నెత్తిన ఆనించి, ఉత్తరీయానికి తుడుచుకున్నారు.

“సూసినారు గదా అందరూ. మళ్లీ నన్ననకండి.”

నూకాలు తిట్టలేదు, ఏడవలేదు. కుక్క తినడం కాసేపు చూసి, “తిననీ. ఆకలేసినట్టున్నాది,” అంది. దీపస్తంభం దగ్గరికి వెళ్లి గంప పక్కన నిలబడింది. నిండు గంప, ఒక్కర్తే ఎత్తుకోలేదు. ఎవరైనా చెయ్యి వేయాలి. చేపల గంప గదా, జనం అటూ ఇటూ చూశారు. నేను మిషను దిగి వెళ్లి ఎత్తాను. గంప నెత్తి మీద కుదురుకోగానే ఆమె తూర్పు దారి పట్టింది. వెనక్కి చూడలేదు. బయల్దేరినవాళ్లు చూడకూడదు గదా.

కుక్క గిన్నెలోంచి తలెత్తింది. మూతికి తవుడు అంటుకుని ఉంది. గిన్నెలో ఇంకా సగం ఉంది. నిలబడ్డ నూకాలు దానికి ఇంట్లో కూర్చున్న మనిషిలాంటిదే, వెంట వెళ్లే పని లేదు. నెత్తిన గంపతో నడిచే నూకాలు వేరు. అది గిన్నె వదిలి, వీధి నడుమకి వచ్చి, ఎప్పటిలా ఆమె వెనక కాస్త ఎడంగా నడవడం మొదలుపెట్టింది.

“భైరవా!” అన్నారు బుగత. టింగుమనిపించారు. “ఒరే భైరవా! ఇలా రా!” కుర్చీలోంచి లేచారు. ఆయన ఒక జంతువు కోసం గేటు దాటి బయటికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. “భైరవా!” అని వీధి నడుమ నిలబడి అరిచారు. కుక్క చెవి కూడా ఆడించలేదు.

పక్కింటి అరుగు మీదున్న ఒక ముసలమ్మ మాత్రం లేచి కేకేసింది. “ఒసే నూకాలూ, ఎనక పిలుపైపోనాది! ఆగి, కూకుని, గుక్కెడు నీళ్లు తాగి ఎల్లవే!”

మా వైపు అదే పరిహారం. ఆమె గనక ఆగితే కుక్కా ఆగుతుంది, పాలేరు పట్టేసుకుంటాడు. నూకాలు ఆగలేదు. నడుస్తూనే, తల తిప్పకుండా అంది: “నన్ను పిలిసినాడేటప్పా? నాను భైరవుణ్ణి కాను. అదీ కాదు.”

జనం నవ్విన నవ్వుకి సంతలో ఎడ్లు మళ్లీ బెదిరి ఉంటాయి. బుగత మొహం కందగడ్డలా అయింది. అయినా ఆయన ఆయనే. ఉత్తరీయం సర్దుకుని, “పోనీండి. నానే ఒగ్గేసినాను. ఆడకూతురు ఏడిస్తే నాను సూడలేను,” అన్నారు. ఏడ్చినవాళ్లెవరూ అక్కడ లేరు. మర్నాడు వడ్రంగి వచ్చి గేటుకి లోపల గడియ బిగించాడు. అంతవరకూ ఋణానుబంధం మీద నిలిచిన జీవాలు ఆ రోజునుంచి గడియ మీద నిలిచాయి. పిలుపు పంచాయితీ మళ్లీ జరగలేదు.

సంతాప సభకి నేను వెళ్లాను. వెళ్లక్కర్లేదు, మిషను దగ్గర కూర్చుంటే అదే సభ. మాష్టారు తీర్మానం చదివాక ఒక పెద్దాయన లేచి, భర్తను పోగొట్టుకున్న ఒక పల్లెకారు స్త్రీ కన్నీళ్లు పెట్టుకుంటే, ప్రాణసమానంగా పెంచుకున్న భైరవుణ్ణి బుగత గారు ఆమెకి దానం చేసిన వైనం చెప్పారు. గొంతు జీరపోయింది కూడా. ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వినవాళ్లలో ఆయన ముందున్నారు. ఇప్పుడు తలలూపిన వాళ్లంతా ఆయన వెనకనున్నవాళ్లే. చరిత్ర గ్రంథాలు చదివేటప్పుడు ఇవన్నీ ఎవరు చూశారు, ఎవరు రాశారు అని నాకు అనుమానం వచ్చేది. ఆ సభతో తీరిపోయింది.

తర్వాత అందరూ లేచి నిలబడి మౌనం పాటించారు. కొడుకులు ముందు వరసలో తలలు వంచుకున్నారు. అద్దెకున్నవాళ్లు రాకపోతే బాగుండదని అప్పలస్వామి కూడా వచ్చి, చివరి వరసలో నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దంలో, లోపలి చూరు కింద వేలాడుతున్న పంజరంలోంచి, అప్పలస్వామి గొంతుతో కేక వచ్చింది.

“రెండిడ్లీ, ఒక టీ!”

“వస్తన్నాదీ!” అన్నాడు అప్పలస్వామి.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి కొందరు కండువాలు నోట్లో కుక్కుకున్నారు. అప్పలస్వామి నాలిక కరుచుకోలేదు. వస్తానని అందరి ముందూ చెప్పేశాడు గదా, వెళ్లాడు. వరసల మధ్యనుంచి నడిచి, దండ వేసిన ఫోటో దాటి, చూరు కిందికి వెళ్లి కొక్కెం నుంచి పంజరం తీశాడు. తీసి, వచ్చిన దారినే బస్సుల వైపు నడిచాడు. చిలక పంజరంలో అటూ ఇటూ తిరుగుతూ మరో రెండిడ్లీ చెప్పింది.

పెద్దకొడుకు తలెత్తి, ఒక అడుగు ముందుకి వేసి, నోరు తెరిచాడు. పక్కనున్న ముసలాయన అతని మోచెయ్యి పట్టుకుని, చాలా గౌరవంగా ఆపాడు.

“ఎల్లీవోణ్ణి ఎనకనుంచి పిలవకూడదు బాబూ.”